రెండు ఆవుల వెడల్పు

రోడ్డంటే రెండు ఆవులు. ఒకటి నిలువుగా, ఇంకొకటి అడ్డంగా.

ఈ సంగతి తెలియక ప్రభుత్వం ఇన్నాళ్ళూ రోడ్లను మీటర్లలో వేస్తూ వచ్చింది. తెలియజేసిన మనిషి డాక్టర్ ప్రమద్వర, విశ్వవిద్యాలయంలో యూరపు భాషలు చెప్పే ప్రొఫెసరు. ఆమె చేసిన తప్పల్లా పిలిచిన చోటికి వెళ్ళడం. రహదారి ప్రమాణాల పరిషత్తు వాళ్ళు కారు పంపారు, శాలువా కప్పారు, పదాల పుట్టుక గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు.

ఆ ఏడాది సర్కారులో మూలాల జ్వరం నడుస్తోంది. ప్రతి శాఖా తన ముఖ్యమైన మాటకు పుట్టుక కనుక్కుని, ఆ ప్రకారమే పని చేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. రోడ్ల వాళ్ళకు దిక్కు తోచలేదు. రోడ్డు ఇంగ్లీషు. రహదారి పారశీకం. బాటను పంచాయతీ వాళ్ళు, దారిని అటవీ శాఖ వాళ్ళు ముందే రిజర్వు చేసేసుకున్నారు. డొంక ఒక్కటే ఖాళీగా ఉంది గాని, డొంకను కదిలించే ధైర్యం ఆ శాఖలో ఎవరికీ లేదు.

అందుకని విదేశాల మీద పడ్డారు.

"ఐర్లండు భాషలో రోడ్డును బోహర్ అంటారు," అన్నది ప్రమద్వర. "ఆ మాటలో ఉన్నది ఆవు. మొదట్లో ఆవులు నడిచే దారి అని అర్థం. దారి వెడల్పు ఎంతుండాలంటే, ఒక ఆవు నిలువుగా, ఒక ఆవు అడ్డంగా పట్టేటంత అని వాళ్ళ పాత వివరణ ఒకటి ఉంది. ఆవును చెప్పే ఆ 'బో' అన్న మాటా, మన సంస్కృతంలోని 'గో' శబ్దమూ ఒకే మూలం నుంచి వచ్చాయని పండితులు చెబుతారు."

ముందు వరసలో పరిషత్తు డైరెక్టరు పుండరీకాక్షం గారు కునుకు మీద ఉన్నారు. గోవు చెవిన పడగానే లేచి కూర్చున్నారు.

"అంటే ఐర్లండు రోడ్డులో ఉన్నది మన ఆవేనన్నమాట."

"మన ఆవని కాదండీ. రెండింటికీ ముందు ఇంకో భాష..."

"మనదే. విడిపోయింది, దొరికింది." ఆయన నిలబడ్డారు. "సదరు ద్విధేను ప్రమాణాన్ని రాష్ట్రవ్యాప్తంగా యుద్ధ ప్రాతిపదికన అమలు చేయవలసిందిగా ఇందుమూలముగా నిర్ణయించడమైనది."

సభ చప్పట్లు కొట్టింది. ప్రమద్వర కొట్టలేదు. ఆమె ప్రసంగం ఇంకా పన్నెండు పేజీలు ఉంది.

నక్కలదిన్నెకు ఆ చప్పట్లు వినపడలేదు. ఒంగోలుకు పడమర ఉన్న ఆ పల్లె నుంచి మెయిన్ రోడ్డుకు రెండు కిలోమీటర్ల మట్టిదారి. అంకమ్మ మొగుడు యలమందకు కిడ్నీలు రెండూ పోయాయి. మంగళవారం, శుక్రవారం టౌను ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి. అంబులెన్సు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది. లోపలికొస్తే దిగబడుతుంది, దిగబడితే లాగేవాడు లేడు. అక్కడిదాకా యలమందను ఎవరో ఒకరి మోపెడు మీదో, నులకమంచం మీదో అంకమ్మే తేవాలి. వానపడితే అదీ లేదు. పోయిన వానల్లో రెండు వంతులు తప్పిపోయి, ఒళ్ళంతా నీరు పట్టి, చావు దాకా పోయి వచ్చాడు.

"ఇంకొకసారి ఇట్లా తప్పితే తీసుకొచ్చి కూడా లాభం లేదమ్మా," అన్నాడు డాక్టరు.

వానలు రాబోతున్నాయి. అంకమ్మకు కావలసింది ఒక్కటే, ఇంటి ముందుకు అంబులెన్సు.

ఆమె అసిస్టెంటు ఇంజినీరు ప్రభుదాసు ఆఫీసులో బల్ల ముందు నిలబడింది. నిలబడ్డం ఆమెకు కొత్త కాదు. ఆ ఆఫీసులో కుర్చీలన్నిటికంటే ఆమెకే సర్వీసు ఎక్కువ.

"మంజూరయిందన్నావు గద సారూ. కంకరేది మరి?"

"అయిందమ్మా. పన్నెండడుగుల రోడ్డు. నేనే ఎస్టిమేటు రాశాను. ఇప్పుడు మీటర్లు రద్దయినాయి."

"మీటర్లు రద్దయితే అడుగుల్లో వెయ్యి."

"అడుగులూ రద్దే. ఆవుల్లో వెయ్యాలి."

అంకమ్మ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. "పొద్దున్నే ఏమన్నా పుచ్చుకున్నావా సారూ?"

"అంత అదృష్టం ఎక్కడిదమ్మా," అన్నాడు ప్రభుదాసు. "రేపు కాంట్రాక్టరు ఆవుల్ని తెస్తాడు. నువ్వూ రా."

మర్నాడు ఊరంతా మట్టిదారి మీదకు వచ్చింది. కాంట్రాక్టరు చెంచురామయ్య ఆటోలో దిగాడు. ఆయన వెనక సీట్లో నుంచి రెండు ఆవులు దిగాయి. ఆటోలో పట్టే ఆవులు ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఒంగోలు జాతి పశువుల మధ్య పెరిగిన జనం అది.

"ఇయ్యేంది మావా, మేకలా?" అన్నాడొకడు.

"పుంగనూరు ఆవులు. చిత్తూరు దిక్కు నుంచి తెప్పిచ్చినా. శుద్ధమైన జాతి," అన్నాడు చెంచురామయ్య గర్వంగా. "ముద్దుగుండాయి గదా?"

ముద్దుగానే ఉన్నాయి. నడుము దాకా కూడా రావు. ఒకదాన్ని నిలువుగా, ఒకదాన్ని అడ్డంగా నిలబెట్టి సున్నంతో గీతలు గీశారు. ప్రభుదాసు దొంగచాటుగా టేపు పెట్టి చూసుకున్నాడు. ఐదున్నర అడుగులు.

"అంబులెన్సు ఆరడుగులు దాటుద్ది గదయ్యా," అంది అంకమ్మ. "ఇందులో ఎట్టా పట్టుద్ది?"

"నేనేం చేసేది అక్కా. రెండావులు తెమ్మన్నారు, తెచ్చినా. అంబులెన్సు మాటకు పుట్టుక ఏందో ముందు తేలనియ్. అది ఏ కోడిపిల్లలో నుంచో వచ్చిందని తేలితే, ఇందులోనే పరిగెత్తుద్ది."

జనం నవ్వారు. అంకమ్మ నవ్వలేదు. ప్రభుదాసు డైరెక్టరు గారికి ఫోను కలిపి స్పీకరు నొక్కాడు.

"సార్, ఇవి చిన్నజాతి ఆవులండీ. మన ఒంగోలు ఆవుతో కొలిస్తే..."

"మిస్టర్ ప్రభుదాస్," అన్నది ఫోను. "ఆవు అనగా ఆవు. ఆవుల మధ్య పొట్టి, పొడుగు వివక్ష చూపడం పరిషత్తు విధానానికి విరుద్ధం. కొలత పూర్తయినట్లు నమోదు చేయండి."

నమోదయింది. నక్కలదిన్నెకు ఐదున్నర అడుగుల రోడ్డు శాశ్వతంగా ఖరారయింది. అది కూడా నిధులు వచ్చాక.

చెంచురామయ్య దగ్గర ఆవులు ఇంకో రకం కూడా ఉన్నాయి. అదే నెలలో టౌను పక్కన కొత్త ప్లాట్లకు రోడ్డు పడింది. అక్కడ ఆయన పుంగనూరు ఆవుల్ని దించలేదు. నిండు చూలుతో ఉన్న ఒంగోలు ఆవుల జతను దించాడు. నిలువుగా నిలబడ్డ ఆవు పొట్ట రోడ్డు అంచును ఎంత దూరం తోసుకుపోవాలో అంత దూరం తోసుకుపోయింది. బిల్లు ఆ మేరకు లేచింది. రోడ్డు మాత్రం మామూలుగానే పడింది.

ఆడిట్ వాళ్ళు వచ్చేసరికి ఆవు ఈనింది.

కొలత మళ్ళీ వేశారు. బిల్లుకూ ఆవుకూ మధ్య అడుగు తేడా వచ్చింది. చెంచురామయ్య ఏమాత్రం తొణకలేదు. "రోడ్డు అంతే ఉంది సార్. ఆవే తగ్గింది. కావాలంటే దూడను కూడా పక్కన నిలబెట్టి కొలవండి, లెక్క సరిపోద్ది," అన్నాడు.

దూడను రోడ్డు పొడిగింపు కింద లెక్కించవచ్చా అని ఆడిట్ శాఖ పరిషత్తును అడిగింది. పరిషత్తు అత్యవసర సమావేశం పెట్టి ప్రమద్వరను మళ్ళీ పిలిపించింది. ఈసారి శాలువా లేదు, కారు మాత్రం వచ్చింది. ఆమె పక్కనే నిలబడడానికి ఒక పోలీసు కూడా వచ్చాడు.

"మేడమ్, సదరు పదం వ్యాకరణం సమగ్రంగా సమర్పించండి," అన్నారు పుండరీకాక్షం గారు.

"సార్, ఒక మాట పుట్టుకకూ, ఆ వస్తువు ఇవాళ ఎలా ఉండాలన్న దానికీ సంబంధం లేదండీ. ఐర్లండులో కూడా రోడ్లు మీటర్లలోనే వేస్తారు."

"మేడమ్ గారు మీటర్ల వల్ల ఐర్లండు నష్టపోయిందని విచారం వ్యక్తం చేశారు," అని చెప్పారు డైరెక్టరు. గుమాస్తా రాసుకున్నాడు. "లింగమేమిటి?"

"పుంలింగం. కాని అది కేవలం..."

గదిలో కలకలం బయలుదేరింది. "పుంలింగమా? మరి మనం ఇన్నాళ్ళూ స్త్రీలింగ పశువుతో కొలుస్తున్నామా? అందుకే ఈనుతోంది." ఒక సూపరింటెండింగు ఇంజినీరు తల కొట్టుకున్నాడు.

"విభక్తులు?"

ప్రమద్వర నీరసంగా చెప్పింది. "రోడ్డు యొక్క అనాలంటే, ముందు ఒక చిన్న మాట చేరి, పదం మొదటి అక్షరం మెత్తబడుతుంది. మన గసడదవాదేశం లాంటిదనుకోండి. బహువచనంలో పదం నడిమి భాగం మారుతుంది."

ఆమె కారు ఎక్కేలోపే తీర్మానాలు పూర్తయ్యాయి. సొంతదారు ఉన్న రోడ్డు మొదట్లో మెత్తగా ఉండాలి కనుక, మంత్రుల ఇళ్ళ ముందు వంద గజాలు మెత్తటి తారు. ఒకటి కంటే ఎక్కువ రోడ్లున్న జిల్లాల్లో రోడ్ల నడుమ వచ్చే మార్పులను ఇకపై గుంతలు అనరాదు, బహువచన రూపాలు అనాలి. పూడ్చిన వారిపై చర్య. ఇక కొలతకు ఆవు స్థానంలో ఈనే అవకాశం లేని వృషభం. రాష్ట్రం మొత్తానికి ఒకటే. అదే ప్రామాణికం.

ఆ వృషభాన్ని వెతకడానికి ఒక కమిటీ బయలుదేరింది. పశువుల సంతలు తిరిగింది, బండలాగుడు పందాలు చూసింది, విస్తరాకుల నిండా భోంచేసింది. ఎక్కడికి పోయినా ఒకే పేరు వినపడింది. నక్కలదిన్నె కోటయ్య.

కోటయ్య యలమంద గిత్త. మూడేళ్ళు వరసగా బండలాగుడులో మొదటి బహుమతి కొట్టింది. మూపురం చూస్తే కొండ మీద ఇంకో కొండ ఎక్కినట్లుంటుంది. యలమంద మంచం పట్టాక పందాలు మానేసింది. లక్షలిస్తామని వచ్చినవాళ్ళను అంకమ్మ గడప దగ్గరే తిప్పి పంపింది. "దాన్ని అమ్మితే ఈయన ఆ సాయంత్రానికే పోతాడు. ఇక ఆ లక్షలు పాడెకా?" అంది.

డైరెక్టరు గారు స్వయంగా వచ్చారు. మెయిన్ రోడ్డు దగ్గర కారు దిగి, బూట్లు చేత్తో పట్టుకుని, రెండు కిలోమీటర్లు నడిచి వచ్చారు. కొట్టంలో కోటయ్యను చూసి చేతులు జోడించారు. తర్వాత దండ వేశారు. కోటయ్య ఆ దండ తినేసింది.

"అమ్మా, మీ వృషభాన్ని రాష్ట్ర ప్రామాణిక కొలత పరికరంగా ప్రభుత్వం గుర్తించింది. సంరక్షకురాలు మీరే. రాష్ట్రమంతటా పర్యటన ఉంటుంది."

"రోడ్డెయ్యండి, పంపిస్తా," అంది అంకమ్మ. "నా మొగుణ్ణి ఆసుపత్రికి తీసకపోడానికి బండి రావాల."

"మీ గ్రామానికి మానవ రవాణా కొలత ముగిసింది. ఐదున్నర అడుగులు. ఆ ఫైలు మూసేశాం. మూసిన ఫైలు తెరవాలంటే మూసినవారి అనుమతి కావాలి. ఆయన రిటైరయ్యారు."

"అయితే గిత్త రాదు."

"అది ఇప్పుడు ప్రభుత్వ పరికరం తల్లీ." ఆయన ప్రభుదాసు వైపు తిరిగారు. "పరికరాన్ని నడిపించి తీసుకెళ్ళడం కుదరదు. నడిస్తే అరుగుతుంది. లారీని ఇక్కడికి రప్పించండి."

"లారీ రాదు సార్."

"ఎందుకు రాదు?"

"రోడ్డు లేదండీ."

"రోడ్డు ఎందుకు లేదు?"

నక్కలదిన్నె పుట్టాక ఒక అధికారి నోటి నుంచి ఆ ప్రశ్న రావడం అదే మొదలు. ముసలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొట్టం పక్కన మంచం మీద యలమంద తల ఎత్తి చూశాడు.

"ప్రామాణిక పరికరం ఉన్న ఊరికి రోడ్డు లేదా?" అన్నారు డైరెక్టరు గారు. "ఇది జాతికి అవమానం. పరికర రవాణా పద్దు కింద తక్షణం మొదలుపెట్టండి."

కోటయ్య ఒక్కటే ఉంది కనుక ముందు నిలువుగా నిలబెట్టి గీత గీశారు, తర్వాత అడ్డంగా తిప్పి ఇంకో గీత గీశారు. పదకొండున్నర అడుగులు. మనుషుల కోసం ఏళ్ళ తరబడి దొరకని కంకర గిత్త కోసం వారంలో దిగింది. వెనకే తారు దిగింది. రెండు కిలోమీటర్లూ అద్దంలా తయారయ్యాయి. చెంచురామయ్య తన జీవితంలో మొదటిసారి నిజంగా రోడ్డు వేసి, దాని మీద తనే నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

మంగళవారం పొద్దున అంకమ్మ అంబులెన్సుకు ఫోను చేసింది. బండి వచ్చింది. ఎదురుగా నడిచి వచ్చిన అంకమ్మ ముందే, మెయిన్ రోడ్డు మలుపులో ఆగిపోయింది. అక్కడ కొత్త బోర్డు ఉంది. 'పరికర మార్గము. ఇతర వాహనములకు ప్రవేశము లేదు. అతిక్రమించినచో శిక్షార్హులు.'

"బోర్డు చూశావు గదక్కా," అన్నాడు డ్రైవరు. "నా ఉద్యోగం పోద్ది."

అంకమ్మ బోర్డు చూసింది. వెనక్కి తిరిగి అద్దంలాంటి రోడ్డునూ చూసింది. అదే సమయంలో పరిషత్తు లారీ ఆమె పక్క నుంచే ఊళ్ళోకి పోయింది. అంకమ్మ దాని వెనక పరిగెత్తింది.

కొట్టం ముందు ఆరుగురు మనుషులు కోటయ్యను లారీ ఎక్కించడానికి తంటాలు పడుతున్నారు. బెల్లం పెట్టారు, తోక మెలిపెట్టారు, ఒకడు కిందపడ్డాడు. కోటయ్య కదలలేదు. యలమంద మంచం మీద నుంచి నాలుక టక్కున కొట్టాడు. కోటయ్య చెవులు ఆడించింది.

"ఆయన ఎక్కితే అది ఎక్కుద్ది," అంది అంకమ్మ రొప్పుతూ. "ఆయన ఎక్కకపోతే, మీ ముఖ్యమంత్రి వచ్చి తోసినా ఎక్కదు."

"అయితే ఆయన్నీ ఎక్కించండి," అన్నాడు లారీతో వచ్చిన అధికారి.

"ఆయన మంగళవారం, శుక్రవారం టౌను ఆసుపత్రికి పోతాడు. ఇంక యాడికీ పోడు."

అధికారి డైరెక్టరు గారికి ఫోను చేశాడు. డైరెక్టరు గారు సాంకేతిక సలహా తీసుకున్నారు. పరికరానికి వారంలో రెండు రోజులు టౌనులో కొలత సరిచూత అవసరమని తేలింది. అది ఆసుపత్రి ఆవరణలోనే చేయడం శాస్త్రీయమని కూడా తేలింది. యలమందను 'పరికర అనుబంధ భాగం' అని రాసుకున్నారు.

ఆ రోజు నుంచి యలమందకు ఒక్క వంతు తప్పలేదు. వానలు వచ్చాయి. లారీ అద్దంలాంటి రోడ్డు మీద వచ్చింది, పోయింది. డయాలసిస్ గదిలో నర్సు, "ఎట్లా వస్తున్నావు తాతా?" అనడిగితే, యలమంద, "గిత్తకు తోడొస్తన్నా," అన్నాడు.

చిక్కు కోటయ్య వైపు నుంచి వచ్చింది. లోపల యలమంద మిషను మీద ఉన్నంతసేపూ అది బయట మేత ముట్టేది కాదు. నెల తిరిగేసరికి పక్కటెముకలు తేలాయి. నిలువుగా నిలబెడితే జానెడు తగ్గింది. ప్రామాణికం తగ్గింది కనుక రాష్ట్రంలో వేస్తున్న రోడ్లన్నీ జానెడు తగ్గాయి. ఒక వంతెన రెండు దిక్కుల నుంచి కట్టుకొస్తూ నడిమధ్య కలుసుకునే చోట అంచులు కలవలేదు.

పరిషత్తు మళ్ళీ సమావేశమయింది. పరికరం చిక్కిపోవడం దేశభద్రతకు సంబంధించిన విషయమని అభిప్రాయపడింది. అనుబంధ భాగాన్ని పరికరం నుంచి వేరు చేయరాదని తీర్మానించింది. పదో రోజున రక్తశుద్ధి యంత్రం నక్కలదిన్నె కొట్టంలోకి దిగింది. దానికి ఆగని కరెంటు కావాలి కనుక కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. శుద్ధమైన నీళ్ళు కావాలి కనుక నీటి ప్లాంటు వచ్చింది. టెక్నీషియను ఉండడానికి క్వార్టరు కట్టారు. అన్నీ పరికర నిర్వహణ ఖర్చే. యలమంద మిషను పక్కన పడుకుంటే, కోటయ్య గాడి దగ్గర అతన్ని చూస్తూ ఆవురావురుమని మేస్తుంది. పశువైద్యుడు రోజూ వచ్చి ముందు కోటయ్య నాడి, తర్వాత యలమంద బీపీ చూసి, రెండూ ఒకే కాగితం మీద రాసుకుపోతున్నాడు.

కబురు చుట్టుపక్కలకు పాకింది. ఒక మధ్యాహ్నం రావిగుంట నుంచి మస్తాన్‌బీ వచ్చింది. వాళ్ళదీ నడుంలోతు బురదదారే. నీటి ప్లాంటు దగ్గర కాళ్ళు కడుక్కుని, అంకమ్మ పక్కన అరుగు మీద కూర్చుంది.

"మా కోడలికి నెల్లోపల కాన్పు అంకమ్మా. ఉమ్మనీళ్ళు తక్కువున్నాయంట, ఆపరేషను పడుద్దంటన్నారు. ఆ బురదలో ఎట్టా తీసకపోయేది? నీకు రోడ్డెట్టా వచ్చిందో నాకూ చెప్పు. ఎవురి కాళ్ళు పట్టుకోవాల?"

"కాళ్ళు పట్టుకుంటే రాదు వదినా. నేను పట్టుకోలేదా ఇన్నేళ్ళు?" అంది అంకమ్మ. "మీ ఊళ్ళో గొడ్లేమున్నాయి?"

"గొడ్లు యాడియి? అందరివీ మేకలే."

అంకమ్మ కొంగు ముడి విప్పి ఫోను తీసి, ఆమధ్య కోటయ్యను చూడ్డానికొచ్చి, సిగ్గుపడుతూ నంబరిచ్చిపోయిన పంతులమ్మకు కలిపింది.

"అమ్మా, నేను నక్కలదిన్నె అంకమ్మను. ఏ దేశంలోనన్నా సరే, మేకలో నుంచి పుట్టిన రోడ్డు మాట ఏదన్నా ఉందా?"

అటువైపు ఉన్నది డాక్టర్ ప్రమద్వర. భాషాశాస్త్రంలో ఆమెకు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది. లేనిదాన్ని ఉందని చెప్పిన మనిషి కాదు.

"కాన్పు ఎప్పుడన్నావమ్మా?" అనడిగింది.

"నెల్లోపల."

"అయితే ఉంటుంది," అన్నది ప్రమద్వర. "రేపు పొద్దునకల్లా ఉంటుంది."